జర్మనీలో మారుమూల పల్లెటూరు ఎలా ఉంటుంది? నేను చూసిన మోడ్లారాయిట్

జర్మనీ పల్లెటూళ్ళు ఎలా ఉంటాయి, మన ఊళ్ళకిలాగా వాటికీ చెప్పుకోడానికి ఏమైనా కథ ఉంటుందా అని అడిగారు కదా. అన్ని ఊళ్ళ సంగతీ నాకు తెలీదు. బాగా తిరిగి చూసిన ఒక్క ఊరి గురించి చెప్తాను. పేరు మోడ్లారాయిట్. జనం యాభై మంది, అటూ ఇటూగా. మన దగ్గర ఒక పెళ్ళి పందిట్లో మొదటి బంతికి కూడా సరిపోరు.

నేను హోఫ్‌లో మాస్టర్స్ చేశాను. బవేరియా రాష్ట్రానికి ఈశాన్యం మూల ఉండే చిన్న టౌన్ అది, అక్కడి యూనివర్సిటీలో మనవాళ్ళు బాగానే కనిపిస్తారు. వచ్చిన కొత్తలో బెర్లిన్ గోడ చూడాలని తెగ ఉబలాటపడుతుంటే నా రూమ్మేట్ "గోడే కదా, దానికి బెర్లిన్ దాకా టికెట్టెందుకు దండగ, సైకిల్ తియ్" అన్నాడు. ఆదివారం కాబట్టి బస్సుని నమ్ముకోకుండా సైకిళ్ళ మీద పోయాం. అంతా ఎత్తుపల్లాల దారి. గంటంపావు తొక్కేసరికి నాకు ప్రాణం పోయినంత పనైంది.

ఊరు ఒక పల్లంలో ఉంటుంది. పలక రాయి కప్పుల ఇళ్ళు, గోడల వెంబడి కొలిచి పేర్చినట్టు కట్టెల దొంతర్లు, ఒక చెరువు, పేడ వాసన. మనిషి అలికిడి లేదు. జర్మనీలో ఆదివారం గడ్డి కోసే మెషిన్ ఆన్ చేసినా పక్కింటివాళ్ళు ఊరుకోరు, అందుకని పల్లెల్లో ఆ రోజు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఊరి పేరులో 'రాయిట్' అంటే అడవి నరికి చదును చేసిన చోటు అని అర్థం, ఆ చుట్టుపక్కల ఇలాంటి పేర్లు కోకొల్లలు, బైరాయిట్ కూడా అందులోదే.

ఊరి మధ్యలో టాన్‌బాఖ్ అని ఒక వాగు. వాగు అనడం కూడా ఎక్కువే, మా పొలం పక్క పిల్లకాలువ దీనికన్నా వెడల్పు. పరిగెత్తక్కర్లేదు, ఒక అంగ వేస్తే అవతల ఉంటారు. 1810లో ఈ వాగునే బవేరియా రాజ్యానికీ రాయిస్ సంస్థానానికీ హద్దు అన్నారు, అప్పటి హద్దురాళ్ళు చూడొచ్చు, ఒకవైపు కె.బి. (బవేరియా రాజ్యం) అనీ ఇంకోవైపు ఎఫ్.ఆర్. (రాయిస్ సంస్థానం) అనీ చెక్కి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక రాజులు పోయి అవతలి భాగం తురింగియా రాష్ట్రంలో కలిసింది. అయినా ఊరివాళ్ళకి ఇదేం పట్టలేదు. బడీ, సారా తాగే సత్రం తురింగియా వైపు ఉండేవి, చర్చికి మాత్రం బవేరియాలో ఉన్న టోపెన్ అనే పక్క ఊరికి అందరూ కలిసి పోయేవారు. పన్ను ఎవరికి కట్టాలి అన్నప్పుడే హద్దు గుర్తొచ్చేది.

మాది భద్రాచలం. ఊరు దాటగానే ఎటపాక, 2014 నుంచి అది ఆంధ్ర. మా మేనత్తది అక్కడే. కాబట్టి ఊరి చివర రాష్ట్రం మారిపోవడం నాకు వింతేం కాదు. కానీ మేనత్త ఇంటికి పోడానికి నన్నెవడూ ఆపడు కదా, అక్కడే తేడా అంతా.

1945లో జర్మనీ ఓడిపోయాక వాగుకి అవతల రష్యా జోన్, ఇవతల అమెరికా జోన్ అయ్యాయి. 1949 వచ్చేసరికి అవి రెండు దేశాలు, అవతల తూర్పు జర్మనీ, ఇవతల (బవేరియా వైపు) పశ్చిమ జర్మనీ. మొదట్లో పాస్ చూపించి అటూ ఇటూ తిరిగేవాళ్ళట. అసలు దెబ్బ 1952లో పడింది. ఆ ఏడాది మే నెలలో తూర్పు జర్మనీ సరిహద్దు పొడవునా ఐదు కిలోమీటర్ల వెడల్పున నిషేధిత ప్రాంతం అంది, దాంట్లో మళ్ళీ చివరి 500 మీటర్లు ఇంకా కట్టుదిట్టం, అన్నిటికన్నా అంచున పది మీటర్ల మేర నేల దున్ని వదిలేశారు, ఎవరైనా దాటితే అడుగులు పడతాయని. 'నమ్మదగినవాళ్ళు కాదు' అనిపించినవాళ్ళని రాత్రికి రాత్రే సామాన్లతో సహా లారీలెక్కించి లోపలి ఊళ్ళకి తరలించారు. ఆ పనికి సర్కారు లోపల్లోపల పెట్టుకున్న పేరు ఏంటో తెలుసా, 'చీడపురుగుల ఆపరేషన్'. మ్యూజియంలో అది చదివినప్పుడు కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మోడ్లారాయిట్ మధ్యలో ముందు చెక్కల కంచె వేశారు, తర్వాత ముళ్ళకంచె, 1966లో 700 మీటర్ల కాంక్రీటు గోడ, ఎత్తు 3.3 మీటర్లు. రెండు జర్మనీల మధ్య దాదాపు 1,400 కిలోమీటర్ల సరిహద్దులో ఎక్కువ చోట్ల ఉన్నది ఇనప కంచే. ఇక్కడ మాత్రం గోడ ఎందుకంటే, ఇళ్ళు ఎదురెదురుగా ఉన్నాయి, ఒకరి మొహం ఒకరికి కనపడకూడదు. అమెరికన్ సైనికులు దీన్ని 'లిటిల్ బెర్లిన్' అనేవాళ్ళు. 1983లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ వచ్చి చూసిపోయాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళంతా బవేరియా వైపే, అటు వైపు ఊళ్ళోకి రావాలంటే సొంత కూతురికైనా పర్మిట్ కావాలి. ఇటు నుంచి ఎవరైనా చెయ్యి ఊపితే తిరిగి ఊపడం కూడా తప్పే. ఇంకో మెలిక, గోడ కట్టింది వాగు మీద కాదు, కాస్త వెనక్కి. అంటే వాగుకీ గోడకీ మధ్య ఉన్న గడ్డి కూడా తూర్పు జర్మనీదే. బవేరియా పిల్లాడి బంతి వాగు దాటి పడితే తెచ్చుకోడానికి పోయినా వేరే దేశంలో అడుగు పెట్టినట్టే.

బెర్లిన్‌లో గోడ తెరిచింది 1989 నవంబరు 9న. ఇక్కడ సరిగ్గా నెల ఆలస్యం, డిసెంబరు 9న నడిచి దాటడానికి ఒక దారి తెరిచారు. మరుసటి ఏడాది జూన్ 17న బుల్డోజర్ తెచ్చి పడగొట్టారు. ఓ వంద మీటర్ల గోడ, కాపలా టవరు మాత్రం మ్యూజియం కోసం ఉంచారు. గోడ తెల్ల సున్నంతో నున్నగా ఉంటుంది, బెర్లిన్‌లోలాగా బొమ్మలు, రాతలు ఉండవు. పైన లావుపాటి గుండ్రటి పైపు, చేత్తో పట్టు దొరక్కుండా. నాది ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, ఎగిరినా ఆ పైపు అంచు అందలేదు. (రూమ్మేట్ ఇంకో రెండంగుళాలు ఎక్కువ, వాడూ ప్రయత్నించాడు, కుదర్లేదు.)

ఇప్పటి సంగతి. దేశం ఒకటై ముప్ఫై ఏళ్ళు దాటినా ఊరు కాగితాల మీద రెండే. ఇవతలిది టోపెన్ పంచాయతీ, అవతలిది గెఫెల్ మున్సిపాలిటీ, ఇద్దరు మేయర్లు. పిన్‌కోడ్లు 95183, 07926. ఫోన్ ఎస్టీడీ కోడ్లు వేరు, కారు నంబరు ప్లేట్లు వేరు, ఇవతల హెచ్ఓ, అవతల ఎస్ఓకే. ఈ చిన్న రాజ్యాల కాలపు గీతని తీసెయ్యొచ్చుగా అని నాకనిపించింది గానీ, అక్కడెవరికీ ఆ ఆత్రం ఉన్నట్టు లేదు.

టవరు దగ్గర కట్టెలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన కనిపిస్తే హోఫ్ అలవాటు కొద్దీ "గ్రూస్ గాట్" అన్నాను, బవేరియాలో నమస్కారం అదే. ఆయన నవ్వి "గూటెన్ టాగ్, మీరు అటు నుంచి వచ్చారన్నమాట" అన్నాడు. నేను ఎప్పుడు వాగు దాటానో నాకే తెలీలేదు. తర్వాత కాసేపు కూర్చోబెట్టి మాట్లాడాడు, ఆ యాస నాకు సగమే అర్థమైంది. గోడ గురించి అడుగుదామని చూశాను గానీ, రోజూ నాలాంటివాళ్ళు అదే అడిగి విసిగించి ఉంటారు, ఆయన మాట దాటేసి సెలవుల గొడవ ఎత్తాడు. తురింగియాలో అక్టోబరు 31 సెలవు, బవేరియాలో కాదు. బవేరియాలో నవంబరు 1 సెలవు, తురింగియాలో కాదు. వాళ్ళబ్బాయి ఉద్యోగం తురింగియాలో, కోడలిది హోఫ్‌లో. "మొదటి రోజు వీడు ఇంట్లో, రెండో రోజు ఆమె ఇంట్లో, పిల్లలకి రెండు రోజులూ వంట చేసేది మాత్రం మా ఆవిడే" అని మళ్ళీ కట్టెల పనిలో పడ్డాడు.