గడీ కథల ఏది చూపియ్యాలె, ఏది ఆపాలె

ప్రశ్న: అన్నా, మేం నల్గొండల ఐదుగురం దోస్తులం ఆదివారాలు పాచికలేసి, ఒక్కొక్కలం కథల ఒక పాత్రయి ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతం, కథ నడిపేది నేనే. 1946 నాటి గడీ, దొర, వెట్టిచాకిరీ పెట్టిన. దొర మనుషులు ఒకామెను ఎత్తుకపోయే సీన్ చెప్తుంటే మా గ్రూపుల ఒక చెల్లె పాచికలు కింద పెట్టి సప్పుడు చేయక ఫోన్ చూస్కుంట కూసుంది. కథ మార్చాల్నా?

జవాబు: కథ మార్చకు తమ్మీ, ఆ కాలం మనది, చెప్పాల్సిందే. గని ఆ సీన్ అంత వివరంగ చెప్పుడు అక్కర్లేదు. ముందుగాల ఆ చెల్లెతోని విడిగ మాట్లాడు, కారణం మాత్రం అడగకు, ఏది వద్దో అదొక్కటే అడుగు. తర్వాత ఒక పూట ఆట బంద్ పెట్టి అందరు కూసోని మాట్లాడుకోండ్రి, మామూలుగైతే ఇది ఆట మొదలువెట్టకముందే చేస్తరు, సెషన్ జీరో అంటరు. అందుల రెండు తీర్లు తేల్చుకోండ్రి: కథల అసలే రావద్దన్నయి లైన్స్, జరిగిందని తెల్వాలె గని చూపియ్యొద్దన్నయి వెయిల్స్. నీ సీన్ల గడీ తలుపు పడ్డదని చెప్పి అక్కడ్నే కట్ చేసి తెల్లారి సంఘం మీటింగ్‌కు పోతే సాలు, దొర మీద కోపం ఏం తగ్గదు.

ఇంకోటి, జాన్ స్టావ్రోపౌలోస్ అనేటాయన ఇసుంటి ఆటల కోసం తయారుచేసిన ఎక్స్ కార్డ్. కాయితం మీద ఇంటూ గుర్తు గీసి టేబుల్ నడుమ పెట్టుండ్రి, ఎవలు ముట్టుకున్నా ఆ ముచ్చట ఆగాలె, ఎందుకని ఎవ్వరు అడగొద్దు. మనకాడ నలుగుట్ల వద్దనాలంటె మొహమాటం ఎక్కువ, అందుకే ఫస్ట్ నువ్వే ఒకసారి ముట్టుకో, మిగతోళ్లకు ధైర్యమొస్తది.