‘సహకరించిన అందరికీ’ అంటే ఎవరికి?

ప్రశ్న: జీడిమెట్లలో మాత్రలు తయారుచేసే కంపెనీలో ప్లానింగ్ చూస్తున్నాను. పోయిన నెల ఒక ఎగుమతి ఆర్డరు గడువులోపే వెళ్లింది. స్టోర్స్, మెయింటెనెన్స్, క్యూసీ (నాణ్యత పరీక్షించేవాళ్లు), క్యూఏ (నాణ్యత చూసి బ్యాచ్‌ను విడుదల చేసేవాళ్లు), ప్యాకింగ్, డిస్పాచ్ అంతా బాగా కష్టపడ్డారు. ‘ప్రొడక్షన్ టీముకు, సహకరించిన అందరికీ ధన్యవాదాలు’ అని మెయిల్ పెట్టాను. అప్పటినుంచి స్టోర్స్ వాళ్లు ముభావంగా ఉంటున్నారు. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ‘సహకరించిన’ అన్న మాటే గుచ్చుకుంది. పని ప్రొడక్షన్‌ది, మిగతావాళ్లు ఒక చెయ్యి వేశారు అన్నట్టయింది. స్టోర్స్ వైపు నుంచి చూడండి. ముడిసరుకు దించుకుని, క్వారంటైన్‌లో పెట్టి, శాంపిల్‌కు కబురంపి, క్యూసీ పాస్ చేసి లేబుల్ మారాకే తూకానికి ఇవ్వాలి. అక్కడ ఒక్క డ్రమ్ము ఆగితే గ్రాన్యులేషన్ (మాత్రల పొడిని గుళికలుగా చేసే దశ) వాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. సాఫీగా సాగిన రోజున మాత్రం స్టోర్స్ అనేది ఒకటుందని ఎవరికీ గుర్తుండదు.

బ్యాచ్ రికార్డు, ఇష్యూ స్లిప్పులు, బ్రేక్‌డౌన్ రిజిస్టరు ముందేసుకుని ఒక గంట కూర్చోండి. సరుకు గేటు లోపలికి వచ్చిన రోజు నుంచి కార్టన్లు లారీ ఎక్కేదాకా ఏ రోజు ఎవరి చేతిలో ఉందో వరుసగా రాసుకోండి. ఆగిపోవాల్సిన పని ఎక్కడ ఆగలేదో అక్కడ ఒక మనిషి ఉంటాడు. ఆ పేరే మీకు కావలసింది. పేరు సరైనదో కాదో ఆ షిఫ్టు సూపర్‌వైజరును అడిగి ఖాయం చేసుకోండి; ఒకరి పని ఇంకొకరి ఖాతాలో పడితే ఉన్న గొడవకు మరొకటి తోడవుతుంది.

మనిషికి రెండు వాక్యాలు చాలు. ఏం చేశారు, దానివల్ల ఏం తప్పింది. ‘రాత్రి షిఫ్టులో బ్లిస్టర్ మెషిన్ సీలింగ్ హీటర్ పోతే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే మార్చారు, ప్యాకింగుకు ఒక షిఫ్టు మిగిలింది’ అన్నట్టు. కాపీ వాళ్ల విభాగం మేనేజరుకు వెళ్లాలి. అప్రైజల్ నాటికి చేతిలో ఉండేది ఆ కాగితమే.

క్యూసీ, క్యూఏ దగ్గర మాత్రం మాట జాగ్రత్త. ‘రిపోర్టు త్వరగా ఇచ్చారు’, ‘బ్యాచ్ వెంటనే రిలీజ్ చేశారు’ అని రాయకండి. ఈసారి వేగాన్ని పొగిడితే, వచ్చేసారి అనుమానం వచ్చిన బ్యాచ్‌ను ఆపడానికి చెయ్యాడదు. ప్రొడక్షన్ ఒత్తిడికి లొంగకుండా నిర్ణయం తీసుకోవడమే వాళ్ల ఉద్యోగం, జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు) అడిగేదీ అదే. లైన్ క్లియరెన్సులో (కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు లైను ఖాళీగా ఉందో లేదో చూసే తనిఖీలో) పాత బ్యాచ్ కార్టన్ ఒకటి మిగిలి ఉంటే పట్టుకున్నారా? అది రాయండి. రేపు ఆడిటర్ కంట పడినా ఇబ్బంది లేదు.

లోడింగ్, ప్యాకింగులో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు కంపెనీ మెయిల్ ఉండదు. వాళ్ల పేర్లు క్యాంటీన్ దగ్గరి బోర్డు మీద తెలుగులోనూ హిందీలోనూ పెట్టండి. నోటితో చెప్పాలంటే షిఫ్టు మారే వేళ మంచిది. మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాలు నిలబడితే దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఇద్దరూ దొరుకుతారు. నైట్ షిఫ్టు కోసం రాత్రి పదింటికి మీరు మళ్లీ రావాల్సిందే, తప్పదు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు చాలు. బిర్యానీయే పెడతానంటే శనివారం వద్దు, నీచు ముట్టనివాళ్లు చాలామంది ఉంటారు. రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాతి వేళ చూసుకోండి.

వీటన్నిటికంటే ముందు ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క తేల్చండి. చట్టం ప్రకారం దానికి రెట్టింపు వేతనం రావాలి. అది బాకీ పెట్టి సర్టిఫికెట్ ఇస్తే వెక్కిరించినట్టే. ఇంకో మాట, కాస్త కటువుగా ఉన్నా: ఈ పరుగు నెలనెలా ఉంటే లోపం మీ ప్లానింగులో ఉంది, దాన్ని మెచ్చుకోళ్లు పూడ్చవు.

స్టోర్స్‌కు మాత్రం మెయిల్ కంటే ముందు మీరే నడిచి వెళ్లండి. ‘రాసింది సగమే’ అని ఒప్పుకుని, రెండో మెయిల్ పేర్లతో పంపండి.

ప్రశ్న: వేర్వేరు విభాగాలు కలిసి చేసిన పనికి బహుమతి డబ్బుగా ఇవ్వాలా, వస్తువుగానా?
– హెచ్ఆర్ ఉద్యోగిని, గచ్చిబౌలి

జవాబు: నగదు ఇస్తే అది జీతంలో కలిసి పన్ను పడుతుంది, ఆ సంగతి ముందే చెప్పండి. వస్తువైతే, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కో ఉద్యోగికి 50,000 రూపాయల విలువ దాకా ఇచ్చే కానుకలను జీఎస్టీ చట్టం సరఫరాగా లెక్కించదు, అంటే వాటిమీద జీఎస్టీ పడదు. ఏదైనా సరే, టీములో అందరికీ ఒకే మొత్తం ఇవ్వండి. హోదాను బట్టి పంచితే కలిసి పనిచేసినవాళ్లే కవర్లు విప్పి పోల్చుకుంటారు.