నీళ్లు లేని కార్ వాష్‌ను పరీక్షించబోయే మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీళ్లు లేకుండా కార్లు శుభ్రం చేసే ద్రవానికి శ్రీకాకుళంలో ఏజెన్సీ తీసుకోవాలనుకుంటున్నావనీ, శాంపిలుగా అయిదు లీటర్ల డబ్బా వచ్చిందనీ, మురికి బండ్ల మీద దానిని ఎలా పరీక్షించాలో నన్ను అడగమన్నావనీ మీ అమ్మ చెప్పింది. ఫోనులో చెబితే సగం చెవిలో ఉంటుంది, సగం గాలికి పోతుంది. అందుకని ముప్పై ఏళ్లకు పైగా డెంటింగు, పెయింటింగు షెడ్డు నడిపిన అనుభవంలో నాకు తెలిసినదంతా ఉత్తరంగానే రాస్తున్నాను. డబ్బు కట్టక ముందే పరీక్ష చేసి చూడాలన్న ఆలోచన నీకు వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ఆ ద్రవం ఎంత మెరుపు ఇస్తుందో చూడడానికి పరీక్ష అక్కరలేదు, మెరుపు ఎలాగూ వస్తుంది. ఏ మట్టి మీద దానిని వాడకూడదో తెలుసుకోవడానికే నీ పరీక్ష అంతా జరగాలి. ఆ హద్దు నీ కళ్లతో నువ్వు చూసుకుంటే, హద్దుకు ఇవతల ఉన్న ప్రతి బండికీ ధైర్యంగా మాట ఇచ్చి అమ్ముకోగలవు.

ఈ ద్రవాలు పని చేసే తీరు ముందు అర్థం చేసుకో. వీటిలో మురికిని వదిలించే సబ్బు జాతి పదార్థాలు, జారుడునిచ్చే పాలిమర్లు ఉంటాయి. కొన్నింటిలో కార్నోబా మైనం కూడా కలుపుతారు. స్ప్రే చేసి కొద్ది సేపు ఆగితే ద్రవం ధూళి రేణువు చుట్టూ పట్టి, దానిని పెయింటు మీద నుంచి కాస్త వదులు చేస్తుంది. తరువాత మైక్రోఫైబర్ గుడ్డ తగిలినప్పుడు ఆ రేణువు గుడ్డ పోగులలోకి వెళ్లిపోతుంది. అలా వెళ్లే దారిలో రేణువుకూ పెయింటుకూ మధ్య తడి పొర నిలిచి ఉంటే గీత పడదు. రేణువు ఆ పొర కన్నా పెద్దదైనా, పొర మధ్యలో ఆరిపోయినా, చెయ్యి బరువుగా పడినా గీత తప్పదు. కారు పెయింటు మీద రంగు లేకుండా పారదర్శకంగా ఉండే పై పొర, అంటే క్లియర్ కోటు మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మన తల వెంట్రుక కన్నా అది పలుచన. గీతలు పోగొట్టాలంటే రబ్బింగ్ కాంపౌండ్‌తో ఆ పొరనే అరగదీయాలి, కాబట్టి మన అజాగ్రత్తకు మూల్యం ఆ కొద్ది మందంలో నుంచే పోతుంది.

ఇక మన ప్రాంతపు ధూళి సంగతి. దుమ్మంతా ఒకటే అనుకునేవాడు ఈ పనిలో నిలవలేడు. శ్రీకాకుళం పట్టణంలో నీడన ఉండి రెండు రోజులు కదలని కారు మీద పడే సన్నని దుమ్ము ఈ ద్రవానికి సరిగ్గా సరిపోయే మురికి. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగిన బండి మీది దుమ్ము ముట్టుకుంటే మెత్తగానే ఉంటుంది కానీ అందులో కలిసిన ఇసుక రేణువులు కంటికి కనిపించవు. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దగ్గర నిలిపిన బండి మీద బూడిదరంగు పొడి పేరుకుంటుంది, అందులో క్వార్ట్జ్ ఉంటుంది, క్వార్ట్జ్ గాజును కూడా గీయగలదు. గరివిడి, చీపురుపల్లి పరిసరాల్లో మాంగనీసు ఖనిజం లారీల వెనుక నడిచిన బండి మీద నల్లని పొడి పడుతుంది. రైసు మిల్లుల దగ్గర గాలికి ఎగిరే ఊక బూడిద చేతికి పౌడరులా తగులుతుంది, అయినా అందులో ఎక్కువ భాగం సిలికాయే, ఇసుకలో ఉండే గట్టి పదార్థమే అది. పలాసలో జీడి బట్టీల పక్కన తిరిగే బండ్లకు జిడ్డు పొగ అంటుకుంటుంది. అది గీతలు పెట్టదు కానీ గుడ్డను పాడు చేస్తుంది, ఒక గుడ్డకు అంటిన జిడ్డు బండంతా పూస్తుంది. వీటిలో ప్రతి ఒక్కటీ వేరువేరు పరీక్ష కోరుతుంది.

అన్నింటికన్నా నేను భయపడేది మన సముద్రపు ఒడ్డు ఇసుకకే. కళింగపట్నం, వత్సవలస తీరంలో ఇసుక అక్కడక్కడ ఎర్రగా, నల్లగా చారలు కట్టి ఉండడం నువ్వు చూసే ఉంటావు. ఆ ఎరుపు గార్నెట్, ఆ నలుపు ఇల్మనైట్. గరుకు కాగితం మీద అతికించి చెక్కను నున్నగా చేసేది, నీటి ధారలో కలిపి ఇనుప రేకులు కోసేది ఈ గార్నెట్‌నే. అలాంటిది కారు మీద ఉండగా గుడ్డతో తుడిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

నాకు అది అనుభవంలో తెలిసింది. కొన్నేళ్ల కిందట ఒక కార్తిక మాసంలో, కళింగపట్నం వనభోజనాలకు వెళ్లివచ్చిన నల్లని కారు ఒకటి షెడ్డుకు వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే ఒక సేల్స్‌మన్ ఇలాంటి ద్రవం సీసా ఇచ్చి, ఎంత మురికి మీదైనా పని చేస్తుందని చెప్పి వెళ్లాడు. నీళ్ల మోటారు ఆ రోజు చెడిపోయి ఉండడంతో నేను ఆ సీసానే నమ్ముకున్నాను. తుడుస్తున్నంతసేపూ బండి అద్దంలా మెరిసింది, ఓనరు ఎంతో మెచ్చుకున్నాడు. పదిహేను రోజుల తరువాత ఆయన బండిని మధ్యాహ్నం ఎండలో నా ముందు నిలిపి, ఏమీ అనకుండా బానెట్ వైపు చూపించాడు. సూర్యుని ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు, డ్రైవరు తలుపు మీద నా చెయ్యి వెళ్లిన దారి అంతా వంపులు వంపులుగా కనిపించింది. రెండు రోజులు కూర్చుని కాంపౌండ్ కొట్టి, పైసా తీసుకోకుండా పాలిష్ చేసి ఇచ్చాను. గీతలు చాలా వరకు పోయాయి. ఆయన మాత్రం మళ్లీ రాలేదు, ఆ బాధ నాకు ఈ రోజుకీ ఉంది.

ఆ పదిహేను రోజులు గీతలు ఎందుకు కనిపించలేదో నువ్వు బాగా గ్రహించాలి, నీ పరీక్షకు అదే కీలకం. ద్రవంలోని మైనమూ పాలిమర్లూ సన్నని గీతల్లో నిండి వాటిని కప్పేస్తాయి. వానలకూ ఎండకూ ఆ పూత పోయాక అడుగున ఉన్నది బయటపడుతుంది. కాబట్టి తుడిచిన వెంటనే చూసి బాగుందని తీర్పు చెప్పకు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమానంగా డిస్టిల్డ్ వాటరుతో కలిపి, మెత్తని కొత్త మైక్రోఫైబర్ గుడ్డతో ఆ భాగాన్ని తుడిస్తే పూత వదిలిపోతుంది. ఆ తరువాత చీకటి గదిలో ఫోను లైటును ఏటవాలుగా పట్టి చూడు. అప్పుడు కనిపించేదే నిజం.

పరీక్షను ఎవరి బండి మీదా మొదలుపెట్టకు. పాత నల్ల బానెట్ ఒకటి తీసుకుని, ముందు శుభ్రంగా కడిగి, నున్నగా పాలిష్ చేయించు. నలుపు మీద గీత దాగదు, తెలుపు మీదా సిల్వరు మీదా సగం గీతలు కనిపించవు. బానెట్‌ను మాస్కింగ్ టేపుతో గళ్లుగా విడదీసి, ఒక గడికి ఊరి దుమ్ము, ఒక గడికి ఎర్రమట్టి, ఒక గడికి క్వారీ పొడి, ఒక గడికి ఒడ్డు ఇసుక జల్లెడ పట్టి చల్లు. ప్రతి గడినీ మళ్లీ రెండు సగాలు చేసి, ఒక సగం నీ ద్రవంతో, మరో సగం ధారాళంగా నీళ్లు పోసి షాంపూతో కడుగు. పక్కన పోల్చుకునేది లేకపోతే తప్పు ద్రవానిదో, గుడ్డదో, చేతిదో తేలదు. ఒకసారి తుడిస్తే ఏమీ తెలియదు కనుక, చల్లడం, తుడవడం ఓపికగా ఇరవై సార్లు చెయ్యి. వారానికి రెండు సార్లు చేయించుకునే కస్టమరు బండికి అది పది వారాల పని. ప్రతి గడి ఫోటో మొదటి రోజుదీ చివరి రోజుదీ ఒకే లైటు కింద తీసి పెట్టుకో.

తుడిచే తీరు సరిగ్గా లేకపోతే ఎంత మంచి ద్రవమైనా ఓడిపోతుంది. మందమైన మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు పెడితే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక్కో ముఖంతో ఒక్కసారే, ఒకే దిక్కుగా, గుడ్డ బరువు తప్ప చేతి బరువు పడకుండా లాగాలి. వెనక్కి తేకూడదు, గుండ్రంగా తిప్పకూడదు. లాగిన వెంటనే ముఖం మార్చి, తరువాత పొడి గుడ్డతో తేలికగా ఆరబెట్టాలి. టాపు, అద్దాలు, బానెట్, తలుపుల పై సగం అయ్యాక చివరికి చక్రాల దగ్గరి అడుగు భాగం ముట్టుకోవాలి, దానికి గుడ్డలు వేరుగా ఉండాలి. చిన్న కారు తేలిక దుమ్ముకే నాకు నాలుగు నుంచి ఆరు గుడ్డలు పడతాయి. నేల మీద జారిపడిన గుడ్డ, ఎంత కొత్తదైనా, ఆ రోజుకి మళ్లీ పెయింటును తాకకూడదు. కుర్రాళ్లు దీనిని పాటించడం కష్టం, నువ్వే పక్కన నిలబడి నేర్పాలి. గుడ్డలు ఉతికేటప్పుడు ఫాబ్రిక్ కండిషనర్ వేయనీయకు, అది పోగులను మూసేస్తుంది. నూలు బట్టలతో కలిపి ఉతికితే పీచు అంతా అంటుకుంటుంది.

ద్రవం కలిపి వాడేదైతే బోరు నీళ్లు పోయకు. ఉప్పు నీళ్లతో కలిపితే ఆరాక తెల్లని మచ్చలు పడతాయి, తప్పు కంపెనీది అనుకుంటావు. ఆర్.ఓ. నీళ్లో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో వాడు. డబ్బా మీద రాసిన పాళ్ల కన్నా పలుచన చేసి మిగుల్చుకుందామన్న ఆశ పెట్టుకోకు, పలుచనైతే జారుడు పోతుంది. మే నెలలో ఎండలో నిలిచిన బానెట్ మీద చెయ్యి పెట్టలేము, అక్కడ ద్రవం గుడ్డ తగిలే లోపే ఆరిపోతుంది. ఒకసారి కావాలని ఎండలో చేసి, ఎన్ని సెకన్లలో ఆరుతుందో చూసుకుంటే, అపార్టుమెంట్లలో ఏ వేళకు వస్తామని చెప్పాలో నీకే తెలుస్తుంది.

జాతీయ రహదారి మీద రాత్రి ప్రయాణం చేసి వచ్చిన బండి బంపరుకు పురుగులు ఎండి అతుక్కుంటాయి. వాటి మీదా, పక్షి రెట్టల మీదా ద్రవంలో తడిపిన గుడ్డను అయిదు నిమిషాలు పరిచి ఉంచితే మెత్తబడి వదులుతాయి, గోకితే పెయింటుతో సహా వస్తాయి. తారు చుక్కలకు ఈ ద్రవం పనికిరాదు. బ్రేకు డిస్కుల మీద స్ప్రే పడనీయకు, మైనం ఉన్నదేదీ అక్కడ చేరకూడదు. మెరుపు లేని మ్యాట్ పెయింటు బండికి దీనిని వాడకు. ముందు అద్దం తుడిచాక రాత్రి ఎదుటి బండి లైట్లలో నువ్వే నడిపి చూడు. సన్నని జిడ్డు పొర మిగిలితే వైపర్ తిరిగినప్పుడు కళ్లు మసకేస్తాయి, అది ప్రాణాలతో ముడిపడిన విషయం. కొత్తగా పెయింటు వేసిన బండికి నెల రోజులైనా ఆగాలి. క్లియర్ కోటు లేని పాత బండ్లు వస్తే గుడ్డకు బండి రంగే అంటుతుంది, అది మురికి వదులుతున్నదని అనుకుని ఇంకా తుడవకు.

పొలం బురద ఎండిన బండి, ఒడ్డు ఇసుక పట్టిన బండి, క్వారీ బండి వచ్చినప్పుడు ముందు నీళ్లు కొట్టించుకుని రమ్మని ఓనరుకు నేరుగా చెప్పు. భావనపాడు, బారువ వంటి ఒడ్డు ఊళ్ల బండ్లకు ఉప్పు గాలి అడుగున రేకును తినేస్తుంది, పై తుడుపు అక్కడికి చేరదు కాబట్టి నీటి సర్వీసింగు మానవద్దని ప్రతి ఒక్కరికీ చెప్పాలి. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుస కట్టే వీధిలో కారుకు పైపు పెట్టి నీళ్లు పారబోయడం నాకూ మనసొప్పదు, నీ వ్యాపారం నాకు నచ్చింది అందుకే. అయితే ఎంత నీరు మిగిలిందో చెప్పేటప్పుడు గుడ్డలు ఉతికిన నీళ్లు కూడా లెక్కలో వేయి. ఒక్కో బండికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో సీసా తూచి రాసుకో. ఖర్చు లెక్క అక్కడి నుంచే తేలుతుంది.

నా షెడ్డులో నల్ల బానెట్లు రెండు ఉన్నాయి, వచ్చే ఆదివారం పాలిష్ చేసి ఉంచుతాను. పెయింటు మందం చూసే గేజి కూడా ఇస్తాను, ఏ ప్యానెల్‌కు మళ్లీ పెయింటు వేశారో దానితో తెలుస్తుంది. నువ్వు వచ్చేటప్పుడు కళింగపట్నం ఒడ్డు ఇసుక ఒక డబ్బాడు, టెక్కలి క్వారీ పొడి ఒక డబ్బాడు వేరువేరుగా మూత బిగించి తీసుకురా. మొదటి అయిదు సార్లు నేను తుడుస్తాను, మిగిలిన పదిహేను నా ఎదుట నువ్వు తుడవాలి.

ఇట్లు,
నీ మామయ్య