తప్పిపోయిన కుమారుడి పక్కన ఎవరున్నారో చూడు

అమ్మలూ,

పాత పుస్తకాల్లో చెక్క దిమ్మలతో అచ్చేసిన బైబిలు ఉపమానాల బొమ్మల మీద ప్రాజెక్టు చేస్తున్నావనీ, కంప్యూటర్లో ఒక్కో బొమ్మా కత్తిరించి దాచుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ముందు ఆ కత్తిరించడం ఆపు తల్లీ. పుట మొత్తం చూడాలి.

నెదర్లాండ్స్‌లో 1460లు, 70లలో అచ్చయిన ‘స్పెక్యులమ్’ అనే బైబిలు కథల బొమ్మల పుస్తకం తీసుకో. అందులో తప్పిపోయిన కుమారుడు, అదే, ఆస్తి తగలేసి పశ్చాత్తాపంతో తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన ఆ అబ్బాయి, ఒంటరిగా ఉండడు. మగ్దలేనే మరియ, చెరలో ఉన్న మనష్షే రాజు, నాతాను ప్రవక్త మందలించిన దావీదు రాజు, తప్పు తెలుసుకుని పశ్చాత్తాపపడిన వీళ్ళందరితో కలిపి పెట్టారు. ఆ పుటలు కూర్చినవాళ్ళకి లూకా సువార్తలోని ఆ కథ చెప్పడం ముఖ్యం కాదు, పశ్చాత్తాపానికి ఆ అబ్బాయి ఒక సాక్షి, అంతే. పక్కవాళ్ళని కత్తిరించేస్తే ఆ సంగతే పోతుంది.

రెండోది, సిరా చూడు. నేను ముప్పై ఏళ్ళు ప్రెస్సులో పనిచేసినవాణ్ణి కాబట్టి నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి. ఆ పుస్తకంలో బొమ్మ గోధుమరంగులో పల్చగా, అక్షరాలు నల్లగా ఉంటాయి, ఎందుకంటే బొమ్మ చెక్కి సిరా పూసిన చెక్క దిమ్మ మీద కాగితం పరిచి వెనకనుంచి రుద్ది బొమ్మ తీశారు, అక్షరాలు మాత్రం సీసం టైపుతో విడిగా ప్రెస్సులో వేశారు. రుద్దితే వెనకవైపు పాడవుతుంది కదా, అందుకే ఆ కాగితాలకి ఒకవైపే అచ్చు. స్కానుల్లో ఖాళీ పుటలని వదిలెయ్యకు.

తర్వాత ఆ దిమ్మలే యాన్ వెల్డెనర్ అనే ముద్రాపకుడి చేతికొచ్చాయి. ఒక్కో దిమ్మ మీద రెండు సన్నివేశాలుండేవి, ఆయన వాటిని సగానికి కోయించి 1483లో అక్కడి క్యులెంబోర్గ్ ఊళ్ళో చిన్న పుస్తకానికి వాడాడు. ఒకే చెక్క మీద పక్కపక్కనే ఉన్న కొడుకూ దావీదూ అలా విడిపోయారు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. నువ్వు రెండు పుస్తకాల బొమ్మలూ పక్కపక్కన పెట్టి అంచుగీతలు పోల్చు. గీత తెగినచోట చెక్క దెబ్బతిని ఉండొచ్చు, నల్లగీత మధ్యలో గుండ్రటి తెల్లచుక్క కనిపిస్తే పురుగు తొలిచిన కన్నం కావచ్చు. ఏ ప్రతి ముందు, ఏది తర్వాత అనేది వాటిని బట్టే పట్టుకోవాలి.

ఇంకోటి, పందుల మధ్య మోకరిల్లిన కుమారుణ్ణి జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ వేసిన బొమ్మ నీ జాబితాలో ఉందట, తీసెయ్యి. అది రాగిరేకు మీద చెక్కింది. రాగిలో గీతని తవ్వుతారు, చెక్కలో గీతని ఉంచి చుట్టూ తవ్వుతారు. రెండూ కలిపేస్తే మీ మాస్టారు ఊరుకోరు.

ముందు ఆ కుమారుడి పుట ఒక్కటి పూర్తిగా చూసి, ఏం కనిపించాయో రాసి పంపు.

నీ పెదనాన్న