రక్తంలో మైక్రోఆర్‌ఎన్‌ఏ చూసి ఊపిరితిత్తుల క్యాన్సర్ చెప్పొచ్చా?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. ఆర్‌ఎన్‌ఏ పని ప్రోటీన్ తయారు చేయించడమేనని చదువుకున్నాం. ప్రోటీన్ ఇవ్వని ‘నాన్‌కోడింగ్’ ఆర్‌ఎన్‌ఏకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో సంబంధమేమిటి?
– విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మన డీఎన్‌ఏ మొత్తంలో ప్రోటీన్లకు సంకేతాలున్న భాగం 2 శాతం కూడా ఉండదు. మిగతా భాగం నుంచి కూడా కణం బోలెడంత ఆర్‌ఎన్‌ఏ తీస్తుంది. అందులో కొంత ఏ పనీ లేనిదే కావచ్చు. కొంత మాత్రం ఏ జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయిస్తుంది. క్యాన్సర్ కణంలో ఈ లెక్క కూడా తప్పుతుంది.

చిన్నవాటితో మొదలుపెడదాం. మైక్రోఆర్‌ఎన్‌ఏ పొడవు సుమారు 22 అక్షరాలు (న్యూక్లియోటైడ్లు). పొడవాటి ఆర్‌ఎన్‌ఏను కేంద్రకంలో డ్రోషా, బయట డైసర్ అనే ఎంజైములు కత్తిరించగా మిగిలే ముక్క ఇది. ఆర్గొనాట్ అనే ప్రోటీన్‌లో ఇమిడిపోయి, తన 2వ అక్షరం నుంచి 8వ అక్షరం దాకా జత కుదిరిన, ప్రోటీన్ తయారీ సందేశం మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను వెతుక్కుని అతుక్కుంటుంది. దాంతో ఆ మెసెంజర్ నుంచి ప్రోటీన్ రావడం తగ్గుతుంది. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు ఒక మిల్లీమీటరు పురుగులో 1993లో బయటపెట్టిన సంగతి ఇది. దానికి 2024లో నోబెల్ వచ్చింది.

అదే పురుగులో 2000లో దొరికిన లెట్-7 మన ఊపిరితిత్తుల్లోనూ ఉంది. కణాన్ని విభజన వైపు నెట్టే రాస్ ప్రోటీన్లను ఇది అదుపులో పెడుతుందని 2005లో తేలింది. అంతకు ఏడాది ముందే జపాన్ పరిశోధకులు, ఆపరేషన్‌లో తీసిన కణితిలో లెట్-7 తక్కువగా ఉన్న రోగులు తక్కువ కాలం బతికారని గమనించారు. మిర్-21 దీనికి పూర్తిగా తలకిందులు. అది కణితిలో పెరుగుతుంది, పీటెన్ వంటి కాపలా ప్రోటీన్లను అణిచేస్తుంది. కాబట్టి పరీక్షలో ‘మైక్రోఆర్‌ఎన్‌ఏ క్యాన్సర్‌ను పెంచుతుంది’ అని ఒక్క ముక్కలో రాసి మార్కులు పోగొట్టుకోకండి. ఏ మైక్రోఆర్‌ఎన్‌ఏ, దేన్ని అణుస్తోంది అన్నదే జవాబు.

200 అక్షరాలు దాటినవాటిని పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలంటారు. వీటిలో మలాట్-1 పేరే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకమైన అడినోకార్సినోమా మీదుగా వచ్చింది. దాదాపు 8,000 అక్షరాల ఈ ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలోనే ఉండిపోతుంది. తొలిదశలోనే ఆపరేషన్ అయినా, కణితిలో ఇది ఎక్కువగా ఉన్నవాళ్లకు జబ్బు తర్వాత వేరే అవయవాలకు పాకే అవకాశం ఎక్కువని 2003లో గుర్తించారు.

ప్రశ్న: మా బాపుకు 61 ఏండ్లు. ముప్పై ఏండ్ల నుంచి రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతున్నాడు. ఇప్పటికైతే దగ్గు, ఆయాసం లేవు. ఒక ల్యాబ్ వాళ్లు క్యాంపు పెట్టి, మైక్రోఆర్‌ఎన్‌ఏ రక్తపరీక్షతో క్యాన్సర్ ముందే తెలుస్తుందంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: వద్దు. ఆ డబ్బు సీటీకి దాచండి.

వాళ్లు చెప్పేది పూర్తిగా కల్పన కాదు. కణితి నుంచి మైక్రోఆర్‌ఎన్‌ఏ రక్తంలోకి వస్తుంది. చిన్న కొవ్వు సంచుల్లోనో, ప్రోటీన్‌ను అంటుకునో ఉంటుంది కాబట్టి అంత త్వరగా పాడైపోదు. ఇటలీలో పొగతాగేవాళ్ల మీద సీటీతో పాటు 24 మైక్రోఆర్‌ఎన్‌ఏల కొలతను కలిపి పెద్ద అధ్యయనాలే చేశారు. అక్కడ కూడా దాన్ని సీటీకి తోడుగా వాడారే గానీ సీటీ బదులు కాదు.

అసలు చిక్కు సిరంజి దగ్గరే మొదలవుతుంది. ఎర్ర రక్తకణాల నిండా మిర్-451, మిర్-486, మిర్-16 ఉంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ సూచికలుగా చెప్పే జాబితాల్లో కూడా ఈ పేర్లే కనిపిస్తాయి. సన్నటి సూదితో గట్టిగా లాగినా, పట్టీ చాలాసేపు బిగించి ఉంచినా, ట్యూబును కుదిపినా ఎర్రకణాలు చిట్లి, ఇవన్నీ ప్లాస్మాలోకి (కణాలు తీసేస్తే మిగిలే రక్తద్రవంలోకి) వచ్చేస్తాయి. అప్పుడు కొలిచింది కణితిని కాదు, రక్తం తీసిన తీరును. ప్లాస్మా లేత గులాబీ రంగులోకి తిరిగితే ఆ నమూనా పారేయాల్సిందే. రంగు మారకముందే చిట్లిన సందర్భాలూ ఉంటాయి. అందుకే మంచి ల్యాబులు మిర్-451ను, ఎర్రకణాలతో పెద్దగా సంబంధం లేని మిర్-23ఏతో పోల్చి చూస్తాయి.

ట్యూబు కూడా ముఖ్యమే. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబులో ఉండే హెపారిన్, ఆర్‌ఎన్‌ఏను కొలిచే పీసీఆర్ పరీక్షను అడ్డుకుంటుంది. తీసిన 2 గంటల్లోపు ప్లాస్మా వేరు చేసి, ప్లేట్‌లెట్లు పోవడానికి ఇంకోసారి సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి, మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. క్యాంపులో పొద్దున తీసిన రక్తం సాయంత్రం బస్సు పార్శిల్‌లో హైదరాబాద్ పోతే, అక్కడి యంత్రం ఎంత ఖరీదైనదైనా చేసేదేం లేదు.

ఇక సీటీ సంగతి. అమెరికాలో 55–74 ఏండ్ల వయసుండి, రోజుకో ప్యాకెట్ లెక్కన 30 ఏండ్లకు సరిపడా సిగరెట్లు తాగినవాళ్లకు మూడేండ్లు ఏటా తక్కువ మోతాదు సీటీ తీసి చూశారు. ఎక్స్‌రే మాత్రమే తీసినవాళ్లతో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. ‘ఏటా ఎక్స్‌రే తీయిస్తున్నాం కదా’ అనుకునేవాళ్లకు ఇదే సమాధానం. కానీ ఆ సీటీల్లో అనుమానం వచ్చినవాటిలో 96 శాతం క్యాన్సర్ కాలేదు. టీబీ మచ్చలు మామూలైన మన దగ్గర ఆ గందరగోళం ఇంకా ఎక్కువ. కాబట్టి ఛాతీ వైద్యుణ్ని కలిసి, పాత టీబీ కాగితాలుంటే చూపించి, ఆ తర్వాతే తీయించండి. ‘లో డోస్’ అని చీటీలో రాయించుకోండి. రేడియేషన్ మామూలు ఛాతీ సీటీలో నాలుగో వంతుకు అటూఇటూ ఉంటుంది.

బీడీలో పొగాకు తక్కువ కదా అని బాపు అనవచ్చు. నిజమే, తక్కువే. కానీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి, దాంతో తారు తక్కువేం పోదు. మానిపించండి. కఫంలో నెత్తురు పడినా, మూడు వారాలైనా దగ్గు తగ్గకపోయినా స్క్రీనింగ్ మాట పక్కనపెట్టి వెంటనే కఫం పరీక్ష, సీటీ రెండూ చేయించాలి. కఫంలో క్రిమి కనబడకుండానే టీబీ మందులు మొదలుపెట్టి, నెలలు గడిచినా ఎక్స్‌రేలో నీడ తగ్గకపోతే బయాప్సీ అడగండి. ఆలస్యమంతా ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

ప్రశ్న: లెట్-7 పెంచే ఆకుకూరలు, కషాయాలు ఏవైనా ఉన్నాయా?
– గృహిణి, నర్సంపేట

జవాబు: లేవు. పసుపు సారంతో ల్యాబు ప్లేటులోని కణాల మీద చేసిన ప్రయోగాలు చూసి అమ్ముతుంటారు. తిన్న పసుపులో రక్తంలోకి చేరేది అత్యల్పం.

ప్రశ్న: మైక్రోఆర్‌ఎన్‌ఏనే మందుగా ఇవ్వలేరా?
– ఫార్మసీ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: ప్రయత్నించారు. మిర్-34ను కొవ్వు బుడగల్లో పెట్టి ఎక్కించిన ఎంఆర్‌ఎక్స్-34 మందు, ఊపిరితిత్తుల కణితులున్నవాళ్లతో సహా పలువురు రోగుల మీద తొలిదశ ట్రయల్స్ దాకా వెళ్లింది. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడి మరణాలు కూడా సంభవించడంతో 2016లో ఆపేశారు. పైగా అలా ఎక్కించిన బుడగల్లో ఎక్కువ భాగాన్ని కాలేయమే లాగేసుకుంటుంది. 2018లో ఆమోదం పొందిన తొలి ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) మందు పాటిసిరాన్ కూడా కాలేయం మీద పనిచేసేదే.

ప్రశ్న: అమ్మకు 54 ఏండ్లు, ఎన్నడూ పొగ తాగలేదు. బయాప్సీలో అడినోకార్సినోమా అన్నారు. జన్యుపరీక్షకు బ్లాకు (మైనంలో పెట్టిన బయాప్సీ ముక్క) హైదరాబాద్ పంపుతున్నాం. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ కూడా చూడమనాలా?
– ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: అక్కర్లేదు. దాన్నిబట్టి మందు మార్చే పద్ధతి ఇంకా లేదు. ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, రోస్-1 (ROS1), బీరాఫ్, మెట్, రెట్, కేరాస్ జన్యువుల్లో మార్పులు, వీటితో పాటు పీడీ-ఎల్1 ప్రోటీన్ చూడమని అడగండి. ముఖ్యంగా మొదటి రెండూ వదలొద్దు. పొగ తాగని ఆడవాళ్లలో ఈజీఎఫ్‌ఆర్ మార్పు తరచుగా దొరుకుతుంది, దొరికితే మాత్రలతోనే వైద్యం మొదలుపెట్టొచ్చు. ఒంట్లో మరీ ఇబ్బంది లేకపోతే రిపోర్టు వచ్చేదాకా కీమో ఆపగలరేమో డాక్టర్‌గారిని అడగండి.

పరీక్ష తప్పడానికి కారణం చాలాసార్లు ముక్కను దాచిన పద్ధతే. తీసిన వెంటనే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి పదింతలు పోసి వేయాలి. 6 గంటలకు తక్కువ కాకుండా, 48 గంటలు మించకుండా ఉంచాలి. సెలైన్‌లో వేసి పంపితే కణాలు కుళ్లుతాయి. శనివారం తీసిన ముక్కను పండుగ సెలవులయ్యేదాకా ఫార్మలిన్‌లోనే ఉంచితే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ తునకలవుతాయి. ఎముక నుంచి తీసిన ముక్కను ఆమ్లంలో మెత్తబరిచారేమో కనుక్కోండి, అలా చేస్తే జన్యుపరీక్షకు పనికిరాకపోవచ్చు. ఏఎల్‌కే, రెట్ కలయికలను (ఆ జన్యువు వేరే జన్యువుతో అతుక్కుపోవడాన్ని) కొన్ని ల్యాబులు ఆర్‌ఎన్‌ఏలోనే వెతుకుతాయి, అందుకే పాత బ్లాకు కంటే కొత్తది మేలు. ముక్క చాలకపోతే, ఛాతీలో నీరు ఉంటే దాని నుంచి సెల్ బ్లాకు చేయించవచ్చు.

పని అయ్యాక మిగిలిన బ్లాకు నంబరుతో సహా తిరిగి తీసుకోండి. మందు పనిచేయడం ఆగినప్పుడు కొత్త ముక్క తీయడం కుదరకపోతే అదే అవసరపడుతుంది. ఎండ తగలని చోట పెడితే చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు, మైనం కరుగుతుంది.