కుక్క ముక్కు పగిలితే ఏం రాయాలి, ఏం రాయకూడదు

"అక్కా, అమెరికాలోని మినియాపాలిస్‌లో మాకిది మొదటి చలికాలం. మా నాలుగేళ్ల లాబ్రడార్ ముక్కు ఎండిపోయి, పెచ్చులు కట్టి, సన్నగా పగిలింది. తిండీ ఆటా మామూలే. అమ్మ ఫోన్‌లో బోరోలీన్ రాయమంటోంది. రాయొచ్చా?"

వద్దు చెల్లీ, బోరోలీన్ రాయకు. మన చేతులకి అది మంచిదే. కానీ కుక్క తన ముక్కుని రోజంతా నాకుతూనే ఉంటుంది కాబట్టి, దానికి రాసిందల్లా కడుపులోకి పోతుంది. బోరోలీన్‌లో జింక్ ఆక్సైడ్, బోరిక్ యాసిడ్ ఉంటాయి. జింక్ కడుపులోకి వెళితే కుక్కకి వాంతులవుతాయి, మోతాదు మించితే ఎర్ర రక్తకణాలే దెబ్బతింటాయి. పసిపిల్లల డైపర్ క్రీముల్లో చాలావాటిలో ఉండేదీ ఈ జింకే. అమృతాంజన్, విక్స్ కూడా దూరంగా పెట్టు, వాటిలో కర్పూరం, మెంథాల్ ఉంటాయి. టీ ట్రీ ఆయిల్ అసలొద్దు. కొన్ని లిప్ బామ్‌లలో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, అది కుక్కలకి విషం. పొరపాటున ఇలాంటివి నాకేసిందనుకో, జంతువులకి విషం తగిలితే సలహా చెప్పే అక్కడి ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చెయ్యి: 888-426-4435. ఇరవైనాలుగు గంటలూ పలుకుతారు, ఫీజు ఉండొచ్చు.

మరేం రాయాలంటావా? మనింట్లో ఉండే కొబ్బరినూనే చాలు, సువాసనలు కలపనిది. లేదా మామూలు వ్యాజిలిన్. ముందు గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డని ముక్కు మీద ఐదు నిమిషాలు ఆనించు. పెచ్చు నానుతుంది. దాన్ని గిల్లి ఊడదీయకు, కింద చర్మం చీలి రక్తం వస్తుంది. తడి అద్ది, వేలి కొసతో పల్చగా రాయి, ముక్కు రంధ్రాల్లోకి పోనివ్వకు. రాసిన వెంటనే తిండి గిన్నె పెట్టు, లేదా బయట తిప్పు. పది నిమిషాలు నాకకుండా ఉంటే చాలు. రోజుకి రెండు పూటలు చెయ్యి. నూనె మరీ ఎక్కువ పోతే విరేచనాలవుతాయి, జాగ్రత్త.

అసలు కారణం ఇల్లు వేడిచేసే మీ ఫర్నేస్ అయ్యుండొచ్చు. బయటి చలిగాలిలో తేమ ఉండేదే కొంచెం, దాన్ని ఇంట్లో వేడిచేస్తే గాలి మరీ పొడిబారుతుంది. పైగా కుక్కలు వెచ్చగా ఉంటుందని వేడిగాలి వచ్చే వెంట్ పక్కనే పడుకుంటాయి. పడక అక్కణ్ణించి జరుపు, గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్ పెట్టి తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉంచు. కిటికీ అద్దాలకి నీళ్లు కారుతుంటే కాస్త తగ్గించు. ప్లాస్టిక్ గిన్నె కొన్ని కుక్కల ముక్కుకి పడదు, స్టీలు గిన్నె పెట్టు.

ముక్కు ఎండితే జ్వరమని మనవాళ్లు అంటారు గానీ, నిద్రలేవగానే చాలా కుక్కల ముక్కు పొడిగానే ఉంటుంది. ఆరోగ్యమైన కుక్క ఒళ్లు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, 103 దాటితే జ్వరం.

చలికాలంలో లాబ్రడార్ల నల్లముక్కు గులాబీ రంగులోకి తిరగడం మామూలే, స్నో నోస్ అంటారు. అయితే ముక్కు మీద గులకరాళ్లు పరిచినట్టుండే గరుకు చెక్కుచెదరకూడదు. రంగుతో పాటు ఆ గరుకూ పోయి నున్నగా అవుతున్నా, పుండ్లు పడుతున్నా, రక్తం కారుతున్నా అది ఒక్క చలి వల్లే కాకపోవచ్చు. శరీరం తన చర్మాన్నే దెబ్బతీసుకునే లూపస్ లాంటి జబ్బులు అలాగే మొదలవుతాయి. ఒకవైపే ఎండి, అటువైపు కన్ను పుసి కడుతుంటే నరం దెబ్బతిని ఉండొచ్చు. వీటిలో ఏది కనిపించినా నూనె మానేసి వెట్‌కి చూపించు. ఏడాది నిండకముందే లాబ్రడార్ ముక్కు మీద పొరలు కడుతుంటే వంశపారంపర్య జబ్బేమోనని కూడా చూస్తారు, మీదానికి నాలుగేళ్లన్నావు కాబట్టి ఆ అనుమానం తక్కువే.

పైవేవీ లేకపోతే రెండు వారాలు ఇలా చేసి చూడు. రెండు రోజులకోసారి ఒకే వెలుతురులో ఫొటో తీసి ఉంచు. అప్పటికీ మెత్తబడకపోతే వెట్‌కి ఆ ఫొటోలు చూపించు, ముక్కుకి ఏమేం రాశావో కూడా చెప్పు.