ముఖం చూడని స్నేహితులు కష్టంలో అక్కరకొస్తారా?

"చిన్న ఊళ్లో ఉంటాను. మనసు విప్పి మాట్లాడేవాళ్లంతా ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లే. ఎప్పుడూ కలవని ఈ స్నేహితులు కష్టంలో అక్కరకొస్తారా? నేను వాళ్లకేం చేయగలను?" అని మీరు అడిగారు.

అక్కరకొస్తారు. మా ఇంట్లో జరిగింది చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో గుమస్తా. మా చిన్నోడికి బడికి పోయే వయసులోనే టైప్ 1 షుగర్ ఉందని తేలింది. ఊరికే దాహం, మాటిమాటికీ మూత్రం, చూస్తుండగానే బరువు తగ్గిపోవడం, ఇట్లా మొదలైంది. ఇది మిఠాయిలు తింటే వచ్చేది కాదు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీస్తుంది. బిళ్లలతో నడవదు, రోజూ ఇన్సులిన్ ఇవ్వాల్సిందే. మా చుట్టాలకు తెలిసింది మాత్రం పెద్దవాళ్ల షుగరే. "చాక్లెట్లు బాగా తినిపించిన్రు" అని ఒకరు, "ఆకు పసరు తాగిస్తే సూదులు బంద్ చెయ్యొచ్చు" అని ఇంకొకరు. వాళ్లకు నా మీద కోపమేమీ లేదు, తెలియదంతే. కానీ ఇట్లాంటి పిల్లాడిని పెంచుతున్న ఇంకో తల్లితో మాట్లాడాలని నా ప్రాణం కొట్టుకునేది. దగ్గర్లో ఎవరూ దొరకలేదు. టెలిగ్రామ్ గ్రూపులో దొరికారు. శ్రీకాకుళం, గుంటూరు, నిజామాబాద్, బెంగళూరు, దుబాయ్, న్యూజెర్సీ, ఎక్కడెక్కడో ఉన్న తెలుగు అమ్మలు, కొందరు నాన్నలు.

మేం రోజూ మాట్లాడుకునేవి బయటివాళ్లు చదివితే ఇందులో ఏముంది అనుకుంటారు. పొద్దున షుగర్ ఎంత వచ్చింది, టిఫిన్ ఏం పెట్టావు, స్కూల్లో పీటీ పీరియడ్ ఉందా, టెస్ట్ స్ట్రిప్స్ ఎక్కడ తక్కువకు వస్తున్నాయి. మధ్యలో అత్తమ్మ మోకాళ్ల నొప్పులు, బత్తాయి తోటకు నీళ్లు చాలక తమ్ముడి తిప్పలు కూడా వస్తాయి. తిండిలో పిండిపదార్థం ఎంత ఉందో చూసుకునే ఇన్సులిన్ ఇవ్వాలి కదా. గుంటూరు అక్కకు మన జొన్న రొట్టె లెక్క తెలియదు, నాకు ఆవిడ చేసే పెసరట్టు లెక్క తెలియదు. పిండి తూకం వేసి చూసుకోవడం నేర్చుకున్నాం. 100 గ్రాముల జొన్నపిండిలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే ఉంటుంది. "జొన్న రొట్టె ఎంత తిన్నా ఏం కాదు" అని ఊళ్లో అనే మాట మా పిల్లల విషయంలో పనికిరాదని అప్పుడే అర్థమైంది.

సద్దుల బతుకమ్మ రోజు మలీద ముద్దలు చేస్తాం కదా. రొట్టె, బెల్లం కలిసిన ముద్ద. వీడికి పెట్టకుండా మిగతా పిల్లలకు ఎట్లా పంచను? పండగకు ముందే దుఃఖం మొదలైంది నాకు. "ముందే డాక్టర్‌ను అడుగు, చిన్న ముద్దకు ఎంత ఇన్సులిన్ అని. అందరితో పాటే తిననియ్" అని నిజామాబాద్ చెల్లె రాసింది. అడిగాను, చెప్పారు. వాడు బతుకమ్మల దగ్గర అందరు పిల్లలతో కలిసి తిన్నాడు. నవంబర్ 14న మన దగ్గర బాలల దినోత్సవం. ప్రపంచ మధుమేహ దినం కూడా ఆ రోజే, ఇన్సులిన్‌ను కనుగొన్న బాంటింగ్ పుట్టినరోజు అది. ఆ రోజు గ్రూపంతా స్కూలు వేషాల ఫొటోలే. 1922 జనవరిలో టొరొంటోలో 14 ఏళ్ల పిల్లాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారని, అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు బతికేవాళ్లు కాదని నాకు చెప్పింది బెంగళూరు అన్న. ఆ తర్వాత సూదిని చూసి ఏడవడం మానేశాను.

ఇట్లా ఏమీ కాని మాటలు నడుస్తుంటేనే, ఆపద వచ్చినప్పుడు అడగడానికి నోరు వస్తుంది. రాత్రి 3 గంటలకు చిన్నోడి షుగర్ 70 కంటే కిందికి పడిందనుకోండి. డాక్టర్ చెప్పిన కొలతలో గ్లూకోజ్ నీళ్లు తాగించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. పొడవైనవి ఆ 15 నిమిషాలే. మా ఆయన మిల్లు డ్యూటీకి పోతే ఇంట్లో నేను, నిద్రలో చెమటలు పట్టిన పిల్లాడు, అంతే. అప్పుడు న్యూజెర్సీలో సాయంత్రం, ఎండాకాలమైతే ఐదున్నర, చలికాలమైతే నాలుగున్నర. "53 ఉంది, ఇప్పుడే తాగించిన" అని రాయగానే అక్కడి వదిన ఫోన్ చేస్తుంది. తన కూర పొయ్యి మీద ఉంటుంది, గరిటె చప్పుడు వినిపిస్తుంటుంది. కూతురు చేసిన అల్లరి చెప్తుంది. మళ్లీ సూది గుచ్చి "96" అని నేను చెప్పేదాకా ఫోన్ పెట్టదు. ఆవిడను నేను ఇంతవరకూ ఎదురుగా చూడలేదు.

మన నల్లగొండ జిల్లా ఎండలు మీకు చెప్పాలా? వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టిందంటే పారెయ్యాల్సిందే. ఒక మే నెలలో మా బజారులో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు పోయింది. నీళ్లు తగలకుండా ఇన్సులిన్‌ను డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను చిన్న కుండలో దించి, ఆ కుండను తడి ఇసుక పోసిన పెద్ద కుండలో పెట్టమని శ్రీకాకుళం అక్క వీడియో తీసి పంపింది. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు, కానీ బయటి ఎండ నుంచి కాపాడుతుంది. అదే వారం ఇక్కడి మందుల షాపుల్లో మా రకం దొరకలేదు. చీటీ ఫొటో పంపితే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఇంకో అక్క కొని, ఐస్ ప్యాకుల మధ్య పెట్టి ఆర్టీసీ కార్గోలో వేసింది. సాయంత్రానికి మిర్యాలగూడ బస్టాండులో తీసుకున్నాను.

అయితే ఒకటి చెప్పాలి. న్యూజెర్సీ వదిన ఎంత మంచిదైనా మా పిల్లాడిని ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తలేదు. ఈ మాట నాకు చెప్పిందీ ఆవిడే. "మీ పక్కింటివాళ్లకు చెప్పినవా? స్కూల్ టీచర్‌కు తెలుసా?" అని అడిగి అడిగి నా వెంటపడింది. నేను ఎవరికీ చెప్పలేదు, పిల్లాడి మీద జబ్బు ముద్ర పడుతుందని భయం. చివరికి పక్కింటి వదినను కూర్చోబెట్టి అన్నీ చూపించాను. మెలకువగా ఉంటే తీపి ఇవ్వాలి, స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆమె తన ఫ్రిజ్‌లో మాకో అర ఖాళీ చేసి ఇచ్చింది. ఇప్పుడు పొద్దున గోడ మీంచి "పోరని షుగరెంత?" అని అడిగేది ఆమే. మీ ఆన్‌లైన్ స్నేహితులు మీ వీధిని మరిచిపోయేలా చేస్తున్నారా, మీ వీధిలోకి మిమ్మల్ని నెడుతున్నారా, అది చూసుకోండి. నెట్టేవాళ్లను వదులుకోకండి.

జాగ్రత్తలు కూడా ఉండాలి. మా గ్రూపులో డోసు ఎవరూ చెప్పరు, అది డాక్టర్ పని. డబ్బు చేతులు మారదు, అవసరమైన వస్తువే కొని పంపుతాం. "షుగర్ పూర్తిగా నయం" అని పొడి అమ్మడానికి వచ్చినవాడిని అడ్మిన్ ఆ రోజే తీసేశారు. ఇన్సులిన్ ఆపితే ఈ పిల్లల ప్రాణానికే ముప్పు, అందులో మొహమాటం లేదు. మీ పరిచయాల్లో ఎవరైనా అర్జెంటుగా డబ్బు అంటే వీడియో కాల్‌లో మాట్లాడకుండా పంపకండి. మోసపోయామని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. మనసు మరీ కుంగిపోతే 14416కి చేయండి, అది టెలీ మానస్, మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు. స్నేహితుల మీదే మొత్తం భారం వేయడం వాళ్లకూ మంచిది కాదు.

ఇక మీరేం చేయగలరని కదా అడిగారు. నేనూ ఇదే అనుకునేదాన్ని, అందరి దగ్గర తీసుకోవడమే తప్ప ఇచ్చేదేముందని. తర్వాత మక్తల్ వైపు ఊరి నుంచి ఒకామె చేరింది. భార్యాభర్తలు పుణెలో బిల్డింగ్ పనికి పోయేవాళ్లు, పాలమూరు నుంచి అట్లా పోయే కుటుంబాలు ఎన్నో. రేకుల షెడ్డులో ఉండాలి, ఫ్రిజ్ లేదు, కూతురికి టైప్ 1. ఆమె రాయలేదు, వాయిస్ మెసేజ్ పెట్టింది: "అక్కా, మందు యాడ పెట్టాలె?" ఆ ప్రశ్నకు గ్రూపులో అందరికంటే ముందు జవాబు చెప్పింది నేనే. రెండు కుండల సంగతి మన యాసలోనే చెప్పాను. దగ్గర్లోని మందుల షాపు ఫ్రిజ్‌లో మిగతా సీసాలు పెట్టనిస్తారేమో అడగమన్నాను, ఒప్పుకున్నారట. ఇప్పుడు కూడా పొద్దున పనికి పోయేముందు ఆమె పాప రీడింగ్ చెప్తుంది, నేను మావాడిది చెప్తాను. సంక్రాంతికి ఊరికి వస్తే పాపను తీసుకొని మిర్యాలగూడ వస్తానంది.